నాలుగో రీలు కోసం మెల్‌బోర్న్ దాకా

ఆస్ట్రేలియా వెళ్లొచ్చినవాళ్లు కంగారూల గురించి రాస్తారు. నేను రాయలేను. నెల రోజుల్లో నాకు ఒక్కటే కంగారూ ఎదురుపడింది, అదీ రైలు కిటికీ అవతల, నేను కళ్లజోడు తుడుచుకుంటున్నప్పుడు. పక్కనున్నాయన చెప్పాక చూస్తే గడ్డి మాత్రమే ఉంది. నేను అంత దూరం వెళ్లింది ఒక పాత జపాను కత్తి సినిమాని రెండోసారి చూడటానికి. చూస్తూ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి చేత క్షమాపణ చెప్పించుకోవడానికి.

బయల్దేరే ముందు సంగతి

ఏలూరులో మా ఫిల్ము సొసైటీని పెట్టింది ఇద్దరం. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే నేను, ఊళ్లో ప్రాక్టీసు చేసే డాక్టర్ రామ్మోహన్. అతను అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. నెలకొక విదేశీ సినిమా తెప్పించి కాలేజీ హాల్లో చిన్న ప్రొజెక్టరు మీద వేసేవాళ్లం. మా ఇద్దరికీ సమురాయ్ సినిమాలంటే పిచ్చి. యజమాని మాట కోసం ప్రాణం ఇచ్చే కత్తివీరులు, ఒక్క అవమానాన్ని మనసులో దాచుకుని పదేళ్లు కాచుకునే నౌకర్లు. చివర్లో కత్తి దూసే రెండు నిమిషాల కన్నా దానికి ముందు వాళ్లు పట్టే ఓపిక నాకు నచ్చేది.

డెబ్బై అయిదులో ఒక ప్రింటు వచ్చింది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు లేవు. మాటలన్నీ జపానులోనే. దాంతోపాటు పంపింది ఒక్క పేజీ కథాసారాంశం. అది చూసుకుంటూ నేను తెర పక్కన నిలబడి మైకులో తెలుగులో కథ చెప్పాలని నిర్ణయించాం. ఆరు రీళ్ల డబ్బాలు. వాటి మీద అంకెలు కూడా జపాను లిపిలోనే ఉన్నాయి. ఒకటికి ఒక గీత, రెంటికి రెండు, మూటికి మూడు. మూడు తర్వాత గీతలు ఆగిపోయి కిటికీలాంటి బొమ్మలేవో వస్తాయి. వాటిలో ఏది నాలుగో ఏది అయిదో ఏది ఆరో మాకు తెలియదు. రామ్మోహన్ ఎక్కడో పుస్తకం చూసి వచ్చానని చెప్పి డబ్బాల మీద సుద్దముక్కతో మన అంకెలు వేశాడు. నేను ఆ వరసలోనే ఆపరేటరుకి అందించాను. నేను చేసింది అంతే.

రెండో రీల్లో ఒక చిన్న కోట ప్రభువు, పైవాళ్ల ఆజ్ఞ మీద పొట్ట కోసుకుని చనిపోయాడు. మూడో రీల్లో అతని నమ్మినబంటు, ప్రభువు చావుకి కారణమైన శత్రువు దగ్గరే గుర్రాలశాలలో కొలువుకి చేరాడు. ఇంతవరకూ నేను చక్కగానే చెప్పుకొచ్చాను. నాలుగో రీలు మొదలైంది. చచ్చిపోయిన ప్రభువు తెర మీద కూర్చుని తాగుతున్నాడు. సారాంశంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. హాల్లో గుసగుసలు. మూడు వందలమంది నావైపు చూస్తున్నారు. "ఈయన ప్రభువుగారి కవల సోదరుడు" అన్నాను. మన సినిమాలు చూసి పెరిగిన బుర్రకి అంతకంటే ఏం తోస్తుంది? హాలు ఘొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న ముఖ్య అతిథి కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు రామ్మోహన్ వేదికెక్కి నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "క్షమించాలి. మా కార్యదర్శిగారు రీళ్లు తారుమారు చేశారు" అన్నాడు. ఆ రీలు ఆపించి, అయిదోది ముందు వేయించి, నాలుగోదాన్ని దాని తర్వాత వేయించాడు. మైకు మాత్రం మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. సినిమా ఎవరికీ అర్థం కాలేదు. అయినా నవ్వు మాత్రం అందరికీ గుర్తుండిపోయిందని నా నమ్మకం.

ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చాను. సుద్ద అంకెలు తప్పు, అవి వేసింది రామ్మోహన్, అని అడిగినవాళ్లందరికీ చెప్పాను. అడగనివాళ్లకీ చెప్పాను. ఏడాది తిరక్కుండా అతను ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. వెళ్తూ మా ఇంటికి వచ్చి చెప్పలేదు. దాన్ని కూడా నేను మర్చిపోలేదు.

పదిహేనేళ్ల తర్వాత ఒక కవరు వచ్చింది. లోపల మెల్‌బోర్న్‌లో ఒక పాత థియేటరు వాళ్ల కరపత్రం. ఆదివారం మధ్యాహ్నాలు సమురాయ్ సినిమాలు వేస్తారట. జాబితాలో మా సినిమా ఉంది. అంచున అతని చేతివ్రాత. "సత్యం, వస్తే కలిసి చూద్దాం." క్షమించమని లేదు, ఎలా ఉన్నావని లేదు. నేను దాన్ని రెండో అవమానం కింద తీసుకున్నాను. సిడ్నీలో నర్సుగా పనిచేసే మా మేనకోడలు సరోజిని రమ్మని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. ఈసారి వస్తానన్నాను. టికెట్టు పంపింది. సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లకి మళ్లీ నవ్వొస్తుంది.

సిడ్నీ, పెండిల్ హిల్

విమానం దిగగానే నా కరివేపాకు పోయింది. తడిగుడ్డలో చుట్టి, సంచి అడుగున పెట్టి, అంత దూరం వాడిపోకుండా తెచ్చిన నాలుగు రెబ్బలు. ఆకులు, గింజలు ఈ దేశంలోకి రానివ్వరట. అక్కడి ఉద్యోగి నా కళ్లముందే వాటిని డబ్బాలో పడేసి, నవ్వి, థాంక్స్ మేట్ అన్నాడు. మన దగ్గర ఆఫీసుల్లో నష్టం చేసేవాడు కనీసం మొహం చిట్లించి చేస్తాడు, మనమూ నాలుగు మాటలు అనొచ్చు. ఇతని నవ్వుకి ఏం అనాలో తోచలేదు. అతని చొక్కా మీద ఉన్న నంబరు మాత్రం గుర్తు పెట్టుకున్నాను.

సరోజిని ఇల్లు పెండిల్ హిల్ స్టేషనుకి పది నిమిషాల నడక. చెక్క గోడలు, ముందు గడ్డి, వెనక గడ్డి. శనివారమంతా వీధిలో గడ్డి కోసే మిషన్ల చప్పుడే. అక్కడ శ్రీలంక తమిళుల కొట్టు ఒకటుంది. కరివేపాకు చిన్న పొట్లం డాలరున్నర. మన లెక్కలో దగ్గర దగ్గర ఇరవై రూపాయలు. ఇరవై రూపాయలిస్తే మా వీధిలో చెట్టు కొట్టుకుపొమ్మంటారు. క్షవరం పది డాలర్లు. దానికి తోడు ఆ మంగలి నన్ను ఊరికే కూర్చోనివ్వకుండా వాతావరణం గురించి నా అభిప్రాయాలన్నీ రాబట్టాడు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. బస్సు దిగే ప్రతి మనిషీ డ్రైవరుకి థాంక్యూ చెప్పి దిగుతాడు. మొదటి రెండు రోజులు వాళ్లందరికీ అతను తెలిసినవాడేమో అనుకున్నాను.

నన్ను ఇబ్బంది పెట్టింది పేర్లు. ముప్ఫై ఏళ్లు మాస్టారు అనిపించుకున్న నన్ను రైలు టికెట్లిచ్చే అమ్మాయి, పోస్టాఫీసు అబ్బాయి, చివరికి సరోజిని వాళ్ల చర్చిలో పాస్టరు కూడా పేరు పెట్టి పిలిచారు. పాస్టరు తనని కూడా పేరు పెట్టే పిలవమన్నాడు. నేను పిలవలేదు. ఆదివారం ఆయన క్షమాపణ గురించే ప్రసంగించాడు. ఏడు డెబ్బైల సార్లు క్షమించాలన్నాడు. ఆ వాక్యం నేను చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆ లెక్క ప్రకారం చూసినా నేను మొదటిసారి దగ్గరే ఆగి ఉన్నాను.

ఆరాధన అయ్యాక తెలుగు కుటుంబాలన్నీ సరోజిని పెరట్లో చేరాయి. గుంటూరు వాళ్లు, భీమవరం వాళ్లు, నర్సులు, ఇంజనీర్లు. మగవాళ్లు నిక్కర్లు వేసుకుని పెనం లాంటి పొయ్యి చుట్టూ నిలబడి మాంసం కాలుస్తారు, ఆడవాళ్లు నీడన కూర్చుంటారు. మన ఊళ్లో ఏ విందులోనూ ఇలా చూడలేదు, ఈ ఒక్క ఆచారం మనం తెచ్చుకుంటే మంచిదే. నేను మెల్‌బోర్న్ ఎందుకు వెళ్తున్నానో అందరికీ చెప్పాను. భీమవరం ఇంజనీరు ఒకడు నా ప్లేట్లో సాసేజి వేస్తూ, "లీవిట్ అంకుల్, ఫిఫ్టీన్ ఇయర్స్ అయిపోయాక ఎవడికి గుర్తుంటాది" అన్నాడు. నాకు ఉంటుందన్నాను.

సరోజిని మాత్రం మెల్లిగా అడిగింది. "మావయ్యా, ఆయనంతట ఆయనే రమ్మన్నాడు కదా. ఫర్‌గివ్ చేసేస్తే పోద్ది కదా."

"క్షమించాలంటే ముందు అతను అడగాలి కదమ్మా."

దాని కూతురు రూత్‌కి తొమ్మిదేళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. పళ్లరసం గ్లాసు పట్టుకుని ఇదంతా విని, "తాతయ్యా, వాట్ ఇఫ్ హీ వాజ్ రైట్?" అంది.

పదిహేనేళ్లలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అడిగేవాళ్లని నేను అంతదాకా రానివ్వలేదు కాబోలు. ఇంకో సాసేజి తెచ్చుకోవడానికి లేచి వెళ్లాను.

పగటి రైల్లో

సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరతాం. దారంతా ఎండిన గడ్డి, తెల్లటి మానుల చెట్లు, గొర్రెలు. గంట సేపు మనిషి కనిపించడు. మన రైల్లో అయితే ఆ గంటలో ముగ్గురి ఇంటి గొడవలు, ఇద్దరి పెళ్లి సంబంధాలు తెలిసిపోయేవి. ఇక్కడ ఎవరి పుస్తకం వాళ్లది.

గోల్‌బర్న్‌లో ఒక ముసలాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. పేరు ఆర్థర్. కంగారూని చూపించబోయింది ఈయనే. టిఫిను డబ్బా లేని నన్ను చూసి, రైల్లో అమ్మే, పై అని వాళ్లు పిలిచే మాంసం కూరిన పిండివంట ఒకటి నాకూ కొనిపెట్టాడు. పైన టమాటా సాసు పోసుకుని చేత్తోనే తినాలట. మొదటి కొరుకుడుకే లోపలి పులుసు కారి నా ఒక్కగానొక్క మంచి చొక్కా మీద పడింది. రామ్మోహన్ ముందు నిలబడటానికి తెచ్చుకున్న చొక్కా అది.

మాటల్లో నేను ఎందుకు వెళ్తున్నానో చెప్పాను. జపాను సినిమా అనగానే ఆయన తినడం ఆపాడు. యుద్ధంలో మూడున్నరేళ్లు జపాను వాళ్ల ఖైదీగా ఉన్నాడట. బర్మా వైపు అడవిలో రైలుపట్టా వేయించారట. అంతకు మించి చెప్పలేదు. ఇప్పుడు ఆ కోపం పోయిందా అని అడిగాను.

ఆయన వేళ్లకంటిన సాసు తుడుచుకున్నాడు. "మా ఆవిడ జపాను కారు కొన్నది. నన్ను అడక్కుండానే. ఎనిమిదేళ్లయింది. ఇంతవరకూ నేను దాని స్టీరింగు ముట్టుకోలేదు" అన్నాడు.

మరి ఎక్కడికైనా వెళ్లాలంటే ఎలాగన్నాను.

"ఆవిడే నడుపుతుంది. నేను వెనక సీట్లో కూర్చుంటాను. మంచి కారే. అది వేరే సంగతి."

ఆ దేశంలో నాకు అందరికంటే బాగా నచ్చిన మనిషి ఆయన. క్షమించమని సలహా ఇవ్వలేదు, వద్దనీ అనలేదు. తను దిగాల్సిన ఊరు వచ్చినప్పుడు నా భుజం తట్టి, నీ స్నేహితుడు ఖైదీల్ని కొట్టేవాడు కాదు కదా అన్నాడు. కాదన్నాను. అయితే సరే అని దిగిపోయాడు. ప్లాట్‌ఫారం అవతల ఒక పెద్దావిడ తెల్ల కారు పక్కన నిలబడి ఉంది. ఆయన వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఆయన చెప్పింది నిజమే.

వెర్రిబీ

మెల్‌బోర్న్ స్టేషనులో రామ్మోహన్ నాకంటే ముందే నన్ను గుర్తుపట్టాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. కొంచెం వంగాడు. "సత్యం" అని చేతులు చాపాడు. నేను సంచి రెండు చేతులతోనూ పట్టుకుని, "బాగున్నారా డాక్టరుగారూ" అన్నాను. ఎప్పుడూ నువ్వు అన్న మనిషిని మీరు అన్నాను. తగలాల్సిన చోటే తగిలింది. చొక్కా మీది మరక వైపు ఒకసారి చూసి సంచి అందుకున్నాడు.

అతని ఇల్లు నగరానికి పడమర, వెర్రిబీలో. చుట్టూ ఇటలీ నుంచి వచ్చిన రైతుల కూరగాయల తోటలు. కాలీఫ్లవరు, క్యాబేజీ బారులు బారులుగా. గాలి తిరిగితే నగరం మురుగునీటిని శుద్ధి చేసే చెరువుల వాసన వస్తుంది. రామ్మోహన్ భార్య వసంతమ్మ ఆ వాసనకి క్షమాపణ చెప్పింది. వాసనకి చెప్పేవాళ్లు ఉన్నారు అనుకున్నాను.

రెండు రోజులు గడిచాయి. అతను ఆస్పత్రి నుంచి త్వరగా వచ్చి నన్ను సముద్రం దగ్గరికి తీసుకెళ్లాడు, తోటలు చూపించాడు. ఇద్దరం క్యాబేజీ గురించి మాట్లాడుకున్నాం. రీళ్ల ఊసు అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మొదట ఎత్తినవాడు ఓడినట్టని నా లెక్క. వసంతమ్మ పెట్టిన గోంగూర పచ్చడి, అక్కడ దొరికే ఏదో పుల్లటి ఆకుతో చేసిందట, ఎంత బాగుందంటే నా కోపం నిలబెట్టుకోవడానికి గట్టిగా ప్రయత్నించాల్సి వచ్చింది.

రెండో రోజు నా లుంగీ పోయింది. అక్కడ బట్టలు ఆరేసే తీగలు గొడుగు ఊచల్లా ఒకే స్తంభానికి ఉంటాయి, గాలికి గిరగిరా తిరుగుతాయి. నేను ఆరేసిన లుంగీ ఎగిరి పక్కింటి తోటలో పడింది. నేను దడి దగ్గర నిలబడి ఎలా అడగాలా అని చూస్తుండగానే, నల్లగౌను వేసుకున్న ఇటలీ అవ్వ దాన్ని చక్కగా మడిచి, పైన రెండు కాలీఫ్లవర్లు పెట్టి తెచ్చి ఇచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నాకు ఇటలీ భాష రాదు. తెలుగులో దణ్ణం పెట్టాను.

ఆ కాలీఫ్లవరు తరుగుతూ వసంతమ్మ చెప్పింది. "అన్నయ్యగారూ, మీరు వస్తున్నారని ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఆయన సరిగ్గా నిద్రపోవట్లేదు. ఆ సినిమా తను కూడా మళ్లీ చూళ్లేదు. మీరొస్తేనే చూస్తానని కూర్చున్నారు."

ఎందుకని అడిగాను. అది ఆయనే చెప్పాలి అంది.

థియేటరు

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల ఆట. పాత థియేటరు, ఎర్ర వెల్వెట్ కుర్చీలు. మొత్తం నలభై మంది ఉంటారేమో. యూనివర్సిటీ కుర్రాళ్లు, ఇద్దరు జపాను స్త్రీలు, కరాటే బడి నుంచి నేరుగా వచ్చిన నలుగురు. ఇంటర్వెల్ లేదు. ఈల లేదు. పేర్లు పడుతున్నప్పుడు కూడా మాట్లాడరు. మన దగ్గర ప్రార్థనలో కూడా అంత నిశ్శబ్దం ఉండదు.

సినిమా మొదలైంది. ఈసారి కింద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. మొదటి రెండు రీళ్లూ నేను మైకులో చెప్పింది చాలావరకు సరిపోయింది. ఆ మాట పక్కకి తిరిగి చెప్పబోయి ఊరుకున్నాను. ప్రభువు చనిపోయాడు. బంటు శత్రువు గుర్రాలశాలలో చేరాడు. పాత స్నేహితుడొకడు దారికి అడ్డం వచ్చి అతని మొహాన ఉమ్మేశాడు. బంటు తుడుచుకోలేదు.

ఇక వచ్చేది అసలు ఘట్టం. పదిహేనేళ్లు నేను ఎదురుచూసింది దీనికే. ఇక్కడ సినిమా తిన్నగా శత్రువు ఇంటి విందులోకి, అంటే మా అయిదో డబ్బాలోని రీల్లోకి వెళ్తే, ఏలూరులో రీళ్లు తారుమారయ్యాయన్నమాట. అంటే సుద్ద అంకెలు తప్పు. అప్పుడు నేను అతని వైపు తిరిగి అనాల్సిన వాక్యాన్ని రైల్లోనే సిద్ధం చేసుకున్నాను. పక్కన రామ్మోహన్ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

తెర మీద వాన. తలుపు జరిగింది. చచ్చిపోయిన ప్రభువు కూర్చుని తాగుతున్నాడు.

సరిగ్గా ఏలూరులో లాగే, అదే చోట. కింద అక్షరాలు పడ్డాయి. ప్రభువు బంటుతో అంటున్నాడు. నన్ను చంపించబోయేవాడి దగ్గరే నువ్వు కొలువు చెయ్యాలి. నీ వాళ్లే నిన్ను ఛీకొడతారు. ఒక్కరికి కూడా నిజం చెప్పకు. అది ప్రభువు చావుకి ముందు జరిగిన సంగతి. గుర్రాలశాలలో పడుకుని బంటు తల్చుకుంటున్నాడు. సినిమాని తీసినవాళ్లే అలా తీశారు.

రీళ్లు తారుమారు కాలేదు. సుద్ద అంకెలు ఒప్పే. నేను అందించిన వరసా ఒప్పే. ఆ రోజు హాల్లో జరిగిన ఒకే ఒక్క తారుమారు, దాన్ని సరిచేద్దామని మేం చేసిందే.

"కవల సోదరుడు కాదోయ్" అన్నాడు రామ్మోహన్.

"నువ్వు ఒప్పే వేశావు" అన్నాను. మీరు అనడం మర్చిపోయాను.

ముందు వరసలో ఆకుపచ్చ శాలువా కప్పుకున్న ఒకావిడ వెనక్కి తిరిగి ష్ అంది. ఆవిడ మొహం ఇప్పటికీ గుర్తుంది. ఇద్దరం నోరు మూసుకుని మిగతా సినిమా చూశాం. చివర్లో బంటు పగ తీర్చుకుని, తన మొహాన ఉమ్మేసిన స్నేహితుడి ఇంటి ముందు నుంచే నడిచి వెళ్తాడు. లోపలికి వెళ్లి చెప్పడు. ఆ ఘట్టం ఏలూరులో కూడా చూశాను, అప్పుడు అతను సిగ్గుతో తప్పించుకు పోతున్నాడని మైకులో చెప్పాను.

టీ కొట్టు

బయటికొచ్చి ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూర్చున్నాం. కొబ్బరిపొడి అద్దిన చాక్లెట్ కేకు ముక్కలు, రెండు టీలు తెప్పించాడు. పాలు వేరే గిన్నెలో చల్లగా ఇచ్చారు. దాని గురించి ఫిర్యాదు చేసే ఓపిక కూడా నాకు లేదు. ఒళ్లంతా జ్వరం దిగినట్టు తేలిగ్గా ఉంది. పదిహేనేళ్లు నేను చెయ్యలేదని చెప్పుకుంటూ వచ్చిన తప్పు, నిజంగానే నేను చెయ్యలేదు. రూత్ ప్రశ్నకి ఇప్పుడు జవాబు ఉంది.

అప్పుడు రామ్మోహన్ చెప్పాడు. "నాకు నాలుగూ అయిదూ ష్యూర్ లేదు సత్యం. ఏ పుస్తకమూ చూళ్లేదు. ఊరికే వేశాను. నువ్వు కవల అనగానే నేనే తప్పు వేశాననుకున్నా. అంకెలు తప్పని నువ్వు మైకులో అనేలోపు, రీళ్లు నువ్వే మార్చావని నేను అనేశా."

నేను టీ కప్పు కింద పెట్టాను.

"అంటే నీ తప్పే అనుకుని నా మీద తోశావు."

"అవును. వెళ్లేటప్పుడు మీ వీధి చివరిదాకా వచ్చాను. మొహం చెల్లక తిరిగిపోయాను. తప్పు నాది, నన్ను క్షమించు."

పదిహేనేళ్లుగా నేను వినాలనుకున్న మాట అది. విన్నాక ఎలా ఉంటుందో చాలాసార్లు ఊహించుకున్నాను. ఊహలో నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి. నిజంలో నాకు కేకు ముక్క ఇంకొకటి కావాలనిపించింది. మైకు సంగతి వేరు, రీళ్ల సంగతి వేరు అన్నాను. రీళ్ల విషయంలో ఎవరి తప్పూ లేదు. మైకు విషయంలో నీది తప్పు. ఆ మాట నాకొక్కడికి చెబితే చాలదు, కాగితం మీద ఉండాలి అన్నాను.

అతను తల ఊపి, "మరి నా అంకెలు తప్పని నువ్వు ఏలూరంతా చెప్పావుగా. అది కూడా కాగితం మీద పెడతావా?" అన్నాడు.

నేను ఇంతవరకూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు. అతని అంకెలు ఒప్పని నా కళ్లతో చూసి రెండు గంటలు కూడా కాలేదు. అవి తప్పని మాత్రం చర్చిలో, బ్యాంకులో, పెళ్లిళ్లలో, చివరికి పెండిల్ హిల్ పెరట్లో కూడా చెప్పాను. పెడతానన్నాను.

వంటింటి బల్ల దగ్గర

సోమవారం పొద్దున, తిరుగు రైలుకి ముందు, వసంతమ్మ ఉప్మా చేస్తుండగా ఇద్దరం బల్లకి చెరోవైపు కూర్చుని ఉత్తరాలు రాసుకున్నాం. అతను రాసిన మొదటి ప్రతిలో "ఇద్దరిదీ తప్పు లేదు" అని ఉంది. కొట్టేయించాను. రీళ్లకి ఒక పేరా, మైకుకి ఒక పేరా విడిగా ఉండాలన్నాను. రెండో ప్రతిలో "తొందరపాటు వల్ల" అని రాశాడు. తొందరపాటు కాదు, భయం అన్నాను. కాసేపు కలం పట్టుకుని కూర్చుని భయం అనే రాశాడు. ఆ పదం రాయడం అతనికి కష్టమైంది. అది చూశాక మూడోసారి దిద్దించాలనుకున్న ముక్కని వదిలేశాను.

నా ఉత్తరంలో అంకెలు ఒప్పని, నేను చెప్పిందంతా తప్పని రాశాను. కవల సోదరుడు నా సొంత కల్పన అని కూడా రాశాను. అతనిది రెండు పేజీలు, నాది నాలుగు వాక్యాలు. న్యాయంగానే ఉందని నాకనిపించింది. వసంతమ్మ రెండూ చదివి, సాక్షి సంతకం పెట్టమంటారా అంది. ఆవిడ వేళాకోళానికే అంది. నేను పెట్టించాను.

స్టేషనులో రామ్మోహన్ సంచి ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, ఇక నిద్ర పడుతుంది అన్నాడు. రైలు కదిలాక పడింది నాకు. సిడ్నీ దాకా పగలంతా నిద్రపోయాను. ఆ దారిలో కంగారూలు గుంపులు గుంపులుగా కనిపించాయని ఎదుటి సీటాయన చెప్పాడు.

ఏలూరు

నేను వచ్చి నాలుగు నెలలైంది. రామ్మోహన్ ఉత్తరం నా బల్ల సొరుగులో ఉంది. ఆనాడు హాల్లో ఉన్నవాళ్లు ఎవరైనా వచ్చి చూడవచ్చని తెలిసినవాళ్లందరికీ కబురు చేశాను. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం అయిదు తర్వాత ఇంట్లోనే ఉంటానని, టీ ఇస్తానని చెప్పాను. ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. ఇద్దరు మాత్రం బజార్లో ఎదురుపడి, ఏ సినిమా అని అడిగారు. మొదటి నెల కుర్చీలు వేసి ఎదురుచూశాను. ఈ మధ్య మంగళవారం, శుక్రవారం కూడా అయిదు కాగానే చెప్పులు వేసుకుని కాలవ గట్టున నడవడానికి వెళ్తున్నాను.